వాన పడ్డా చేలో పదును నిలవడం లేదా?

ఎకరంపై 1 మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4 వేల లీటర్లు. ఒక మంచి వాన, అంటే 30 మిల్లీమీటర్లు పడితే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 24 వచ్చి పోసినట్టే. అయినా వారం తిరక్కుండా చేను వాడిపోతోందంటే, ఇంకో బోరు మాట ఎత్తే ముందు నేలను చూడండి. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా ఎర్ర చల్కల గురించి, అంటే ఇసుక పాలున్న ఎర్ర నేలల గురించి.

వాన నీరు ఎర్రగా పారిపోతోంది, మర్నాడు తవ్వితే బెత్తెడు కిందే పొడిమట్టి

చేలో ఒక ఎండు మట్టిపెళ్ల, ఎప్పుడూ దున్నని గట్టు మీద ఇంకో పెళ్ల తీసుకుని రెండు గ్లాసుల నీళ్లలో మెల్లగా వదలండి. చేలో పెళ్ల నిమిషాల్లో విడిపోయి, గట్టు పెళ్ల నిలబడిందా? ఒకే నేల, ఒకే వాన. తేడా మనం చేసిన సాగులోనే ఉంది. ఏటా దున్ని, చెత్త కాల్చి, పశువుల ఎరువు మానేస్తే మట్టిని పట్టి ఉంచే జిగురు పోతుంది. చినుకులకు నలిగిన మెత్తటి మట్టి రంధ్రాలను పూడ్చి, ఆరాక అట్ట కడుతుంది.

అప్పటికప్పుడు గుంటక తోలి అట్ట పగలగొట్టొచ్చు. అసలు మందు మాత్రం నేలను కప్పి ఉంచడమే. పంట చెత్త కాల్చకండి. తొలి వానలకే జనుమో పిల్లిపెసరో చల్లి, పూత దశలో కలియదున్నండి. సాళ్లు వాలుకు అడ్డంగా ఉండాలి. ఒక్క ఏడాదిలో మారిపోతుందని ఆశపడొద్దు.

పైన బురద, జానెడు కింద గట్టి పొర

మొక్క పీకి చూడండి. వేరు కిందికి దిగలేక పక్కకు వంగి ఉంటే అనుమానమే లేదు. ఏటా ఒకే లోతులో రోటవేటర్ వేయడం, తడి నేలలో ట్రాక్టర్ దింపడం దీనికి కారణాలు. మొదట్లో నేనూ రోటవేటర్‌ను తెగ మెచ్చుకున్నాను, దుక్కి రవ్వలా వస్తుంది కదా! పెద్దవాన పడ్డ రెండో రోజున సన్నటి ఇనుప కడ్డీ గుచ్చితే ఆ పొర ఎక్కడుందో చేతికే తెలుస్తుంది. ఎండినప్పుడు గుచ్చితే లాభం లేదు, అంతా గట్టిగానే తగులుతుంది.

వేసవిలో నేల ఎండి ఉన్నప్పుడు ఉలిలాంటి కర్రుండే చీజిల్ నాగలితో ఆ పొర కిందివరకూ చీల్చండి. తడిలో చేస్తే పొర పగలదు, ఇంకా అదుముకుంటుంది. వెంటనే కంది, ఆముదం లాంటి లోతు వేరు పంటలు వేయాలి. మళ్లీ రోటవేటర్‌కే పోతే పెట్టిన డీజిల్ దండగ.

నీరు బాగానే ఇంకుతోంది, పది రోజుల బెట్టకే వాడుతోంది

ఇది ఇసుక పాలు ఎక్కువున్న నేల. నల్లరేగడి పట్టినంత నీటిలో సగం పట్టడమూ దీనికి కష్టమే. చెరువు మట్టి తోలితే మేలు. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు తోలింది ఇందుకే. మురుగు కలిసే చెరువుదైతే వద్దు. తోలే ముందు చౌడు ఉందేమో పరీక్ష చేయించండి.

గట్టు పక్క పది సాళ్లే ఎండుతున్నాయి

అవతల జామాయిల్ తోట ఉందేమో చూడండి. మధ్యలో లోతు కందకం తీస్తే మన చేలో నీరు లాగే దాని వేర్లు కొంత ఆగుతాయి.

నల్లరేగడిలో ఇబ్బంది తరచూ ఎర్ర చల్కలకు తిరగబడి ఉంటుంది: నీరు దిగక నిలిచిపోతుంది. అక్కడ పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చెప్పిన వెడల్పు బోదెల పద్ధతి పనికొస్తుంది. మీటరు బోదె, అర మీటరు కాలువ. ఎక్కువైన నీరు కాలువలో మెల్లగా పోతుంది, బోదె మీద పంట నీరు నిలిచి ఉరకెత్తదు.