హైవేకి కొత్త తారు వేస్తున్నారా, ఈ కొన్ని వారాలు కాస్త చూసుకుని వెళ్లండి

ఊళ్ల మధ్య నుంచి పోయే హైవే మీద మిషన్లు దిగాయంటే గుంతల బాధ తప్పుతుందని అందరం సంతోషపడతాం. కానీ పాత తారు గీకిన రోజు నుంచి చివరి గీత వేసేదాకా ఉండే ఆ కొన్ని వారాలు గుంతల రోడ్డు కంటే డేంజర్. గుంతలు ఎక్కడున్నాయో మనకి కంఠతా వచ్చు, పని జరుగుతున్న రోడ్డేమో పొద్దున ఒకలా ఉంటే సాయంత్రానికి ఇంకోలా ఉంటుంది, పొద్దున వెళ్లిన దారే కదా అని రాత్రి అదే స్పీడ్‌లో రావద్దు.

అన్నిటికంటే ముందు రోడ్డు అంచు గురించి చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. కొత్త లేయర్ పడగానే తారు ఎత్తు పెరుగుతుంది, పక్కన మట్టి మాత్రం కిందే ఉంటుంది. మట్టి పోసి రోలర్ తిప్పేదాకా అక్కడ నిలువుగా మెట్టులా ఉంటుంది, బెత్తెడు ఎత్తే కదా ఏముందిలే అనిపిస్తుంది. ఎదురుగా లారీ వస్తే కొంచెం పక్కకి జరుగుతాం, చక్రం కిందకి దిగుతుంది, కంగారులో స్టీరింగ్ ఒక్కసారిగా రోడ్డు వైపు తిప్పేస్తాం, టైరు ఆ మెట్టుకి రాసుకుంటూ పోతుంది గానీ ఎక్కదు, ఇంకాస్త తిప్పుతాం, ఎక్కిన ఆ క్షణంలో బండి అదుపు తప్పి నేరుగా ఎదురు లైన్లోకి దూసుకుపోతుంది. అందుకే చక్రం దిగితే దిగనివ్వండి. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నేరుగానే పోనివ్వండి, యాక్సిలరేటర్ వదిలేయండి, సడన్ బ్రేక్ వద్దు, బాగా స్లో అయ్యాక అంచు తక్కువున్న చోట చూసుకుని మెల్లగా ఎక్కించండి. బైక్ అయితే ఆపి, దిగి, తోసుకుంటూ ఎక్కించడమే మంచిది. అంచుని నిలువుగా వదిలేయకుండా సుమారు 30 డిగ్రీల వాలుగా నొక్కే పద్ధతి ఒకటి ఉంది, తారు పరిచే మిషన్‌కి (పేవర్) చిన్న అటాచ్‌మెంట్ పెడితే చాలు, పని మొదలవ్వక ముందే ఇంజనీర్‌ని కలిసి అడగండి, అయిపోయాక అడిగితే లాభం లేదు.

టూవీలర్ వాళ్లకి ఇంకో రెండు గండాలు. గీకిన రోడ్డు మీద పొడుగ్గా సన్నటి గాడులు ఉంటాయి, ముందు చక్రం వాటి వెంట పోతుంటే హ్యాండిల్ తనంతట తానే అటూ ఇటూ ఊగుతుంది, అప్పుడు చేతులు బిగించి దాంతో కుస్తీ పట్టకండి, స్పీడ్ తగ్గించి వదులుగా పట్టుకుంటే బండే సర్దుకుంటుంది. రెండోది కొత్త లేయర్‌కి ముందు అతుక్కోడానికి చల్లే తారు ఎమల్షన్, అంటే నీళ్లలో కలిపిన పల్చటి తారు, చల్లినప్పుడు గోధుమ రంగులో ఉండి తర్వాత నల్లబడుతుంది. మా ఫ్రెండ్ దాన్ని వాన తడి అనుకుని మామూలుగా బ్రేక్ వేశాడు, బండి అలా జారుకుంటూ వెళ్లి పడింది, మోచెయ్యి చర్మం లేచిపోయి ఆ గాయంలో తారు అంటుకుపోయింది, అది తీసేటప్పుడు వాడు పడ్డ బాధ చూశాక నేను ఆ నలుపు కనిపిస్తే బండి దిగిపోతున్నా.

రోడ్డు మీద పరిచేటప్పుడు తారు, కంకర కలిపిన మిక్స్ 130, 150 డిగ్రీల వేడి మీద ఉంటుంది, పైకి మాత్రం మామూలు రోడ్డులాగే కనిపిస్తుంది. పిల్లల్ని, పశువుల్ని దాని మీదకి పోనివ్వకండి. రోలర్ వెనక అస్సలు నిలబడొద్దు, అది ముందుకి ఎంత పోతుందో వెనక్కీ అంతే వస్తుంది, డ్రైవర్‌కి దగ్గర్లో ఉన్న మనిషి కనపడడు.

జెండా పట్టుకున్న మనిషి ఆపమంటే ఆగండి ప్లీజ్. ఒక్క లైనే తెరిచినప్పుడు అటు చివర నుంచి బళ్లు వదిలేసి ఉంటారు, అవి మనకి కనపడవు. గంటకి 80 కిలోమీటర్ల స్పీడ్‌లో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది, 40కి తగ్గిస్తే బ్రేక్ పడ్డాక ఆగే దూరం సగం కాదు, దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. ఆ పనోళ్లకి మనకి మధ్య అడ్డం ఉండేది ఒక ప్లాస్టిక్ కోన్ మాత్రమే.

రాత్రి అయితే కొత్త తారు మీద గీతలుండవు, లైటు వేసినా నలుపులో నలుపు కలిసిపోతుంది, మధ్య ఎక్కడో అంచు ఎక్కడో తెలియదు. ఓవర్‌టేక్ మానేయండి. వానలో ఇంకా నిదానంగా వెళ్లండి, రాళ్ల మీద తారు పొర అరిగేదాకా కొత్త రోడ్డు జారుతుంది.

పని అయిపోయాక కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి. పెద్ద గుంత ఉన్నచోట బళ్లన్నీ స్లో అయ్యేవి కాబట్టి ఊళ్లో పెద్దవాళ్లు, స్కూలు పిల్లలు అక్కడే రోడ్డు దాటేవాళ్లు. గుంత పోయింది, బళ్లు స్లో అవ్వడం పోయింది, దాటే అలవాటు మాత్రం పోలేదు. మలుపులకి దూరంగా రెండు వైపులా బాగా కనపడే చోటు ఒకటి చూసి, అక్కడ జీబ్రా గీతలు, దానికి ముందు రంబుల్ స్ట్రిప్స్ (బండిని కుదిపి స్లో చేయించే అడ్డ పట్టీలు), రాత్రి మెరిసే బోర్డులు వేయమని కాంట్రాక్టర్ మనుషులు ఇంకా ఉండగానే ఇంజనీర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. ఇంట్లో ముసలివాళ్లనీ పిల్లల్నీ నాలుగు రోజులు మీరే వెంట తీసుకెళ్లి ఆ చోటు నుంచే దాటించండి.