మోర్గాన్: కొనడం, చల్లబరచడం, దేంతో తినాలో చూసుకోవడం

రెడ్ వైన్ అంటే వగరు, బరువు అని పక్కన పెట్టేసిన వాళ్లకు నేను ముందుగా ఇచ్చేది మోర్గాన్. ఫ్రాన్స్‌లో లియాన్ నగరానికి ఉత్తరాన బోజొలే కొండల్లో, విలియే-మోర్గాన్ ఊరి చుట్టూ పండే గమే ద్రాక్షతో చేస్తారు.

కొనేటప్పుడు లేబుల్ మీద ఊరి పేరు కోసం వెతకండి. ఈ ప్రాంతంలో మామూలు బోజొలే ఒక మెట్టు, దానిపైన బోజొలే-విలాజ్, అన్నిటికన్నా పైన 10 క్రూలు. క్రూ అంటే సొంత పేరుతోనే అమ్ముకునే హక్కున్న చోటు: మోర్గాన్, ఫ్లరీ, మూలాన్-ఆ-వాన్, 1988లో చివరగా చేరిన రేన్యే, ఇలా. వీటి సీసాల మీద బోజొలే అన్న మాట చాలాసార్లు కనిపించదు కూడా. ఏటా నవంబరు మూడో గురువారం విడుదలయ్యే నూవో ఒక గ్లాసు తాగేసి, బోజొలే అంటే ఇంతే అని తేల్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అది కోత అయిన కొన్ని వారాలకే సీసాకెక్కే వైన్. సరదాకి బాగుంటుంది, అంతవరకే.

గమేకి చిన్నచూపు కొత్త కాదు. 1395లో పొరుగున ఉన్న బర్గండీ ప్రాంతాన్ని ఏలిన డ్యూక్ ఫిలిప్ ఆ తీగల్ని పీకి పారేయమని ఆజ్ఞాపించాడు. బోజొలేలో మాత్రం అది నిలదొక్కుకుంది, ఉత్తర భాగంలోని గ్రానైట్ నేల దానికి బాగా పడింది. మోర్గాన్‌లో కోట్ ద్యు పీ అనే గుట్ట ఉంది. లేబుల్ మీద ఆ పేరుంటే వైన్ కాస్త గట్టిగా ఉంటుంది. తొందరపడి తెరవకండి, మంచి ఏడాదిదైతే పదేళ్లయినా నిలుస్తుంది.

దీని రుచి రహస్యం తొట్టిలోనే ఉంది. గుత్తుల్ని నలపకుండా, కాడలతో సహా వేస్తారు. బరువుకి అడుగున నలిగిన పళ్ల రసం పులిసి కార్బన్ డయాక్సైడ్ నింపుతుంది. ఆ గాలిలో పైనున్న పళ్లు చిట్లకుండానే లోపల పులియడం మొదలుపెడతాయి. అందుకే పండు వాసన గుప్పుమంటుంది, వగరు తక్కువ. మార్సెల్ లపియేర్ లాంటి మోర్గాన్ రైతులు, జూల్ షోవే అనే రసాయన శాస్త్రవేత్త చూపిన దారిలో, పులియడానికి బయటి ఈస్టు కలపడం మానేశారు, వైన్ పాడవకుండా వేసే సల్ఫర్ బాగా తగ్గించారు. అలాంటి సీసా కొంటే ఎండకి, వేడికి దూరంగా దాచండి. సల్ఫర్ తక్కువైన వైన్ తొందరగా పాడవుతుంది.

ఇక తాగడం. రెడ్ వైన్‌ని గది వేడిలోనే తాగాలన్న నియమం ఇక్కడ మర్చిపోండి. 13 నుంచి 15 డిగ్రీలు చాలు. నేనైతే ఫ్రిజ్‌లో అరగంట, గది బాగా వేడిగా ఉంటే ఇంకో పది నిమిషాలు పెడతాను. వెచ్చగా తాగితే ఆల్కహాలే తెలుస్తుంది, చెర్రీ వాసన అణిగిపోతుంది. మరీ చల్లగా ఉందా, గ్లాసుని రెండు చేతులతో కాసేపు పట్టుకోండి.

తిండి విషయంలో లియాన్ వాళ్లని నమ్మండి. అక్కడి బుషాన్ అనే చిన్న భోజనశాలల్లో ఈ వైన్లను 46 సెంటీలీటర్ల మందపాటి అడుగున్న సీసాలో తెచ్చి పెడతారు. పక్కన బ్రియోష్ రొట్టెలో పొదిగిన సాసేజ్, లేదా పిస్తా వేసిన సాసేజ్‌తో వేడి బంగాళాదుంపలు. కొవ్వు నాలుకకి పట్టేసినప్పుడు ఈ వైన్ పులుపు దాన్ని కడిగేస్తుంది, వగరు అడ్డుపడదు. అక్కడికి దగ్గరలోని బ్రెస్ ప్రాంతపు కోడిని కాల్చి పెట్టినా అంతే బాగా కుదురుతుంది. పేగులతో చేసే ఆందుయెత్ అనే సాసేజ్ వాసన అందరికీ పడదు, ఆవాల ముద్దతో తినగలిగితే మోర్గాన్‌ని మించిన తోడు లేదు. చివర్లో, జారిపోయేంత మెత్తబడ్డ సాన్-మార్సెలాన్ చీజ్. రాక్‌ఫోర్ లాంటి ఘాటు నీలి చీజ్‌కి మాత్రం ఇది వద్దు, వైన్ చేదెక్కుతుంది.

సీసాలో మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తాగేయండి. అప్పటికీ మిగిలితే ఉల్లిపాయ, బేకన్ ముక్కలు వేయించి, ఆ వైన్ పోసి సగమయ్యేదాకా మరిగించి, అందులో గుడ్లు పగలగొట్టి వేసి, తెల్లసొన గట్టిపడేదాకా ఉడికించుకోండి. బర్గండీ వాళ్లు దీన్నే మ్యురెత్ అంటారు.