పాత టర్బో కారు, ఒక రేకుల షెడ్డు, ఆదివారానికి ఒక పని

మాది విజయనగరం, దాసన్నపేట వైపు. పగలంతా మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్లు, మిక్సీలు, ఎప్పుడైనా ఒక రైసుమిల్లు మోటారు. షాపు వెనక రేకుల షెడ్డులో 2006 స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ ఉంటుంది. 2019లో విశాఖలో ఒక డాక్టరు గారి దగ్గర కొన్నాను. 1.8 లీటర్ల పెట్రోలు ఇంజిన్, సిలిండరుకి ఐదు చొప్పున ఇరవై వాల్వులు, ఒక టర్బో (ఇంజిన్లోకి గాలిని నొక్కి పంపే పంకా). కంపెనీ లెక్క 150 హార్స్‌పవర్. కొన్నరోజు ఇంటికి తెస్తూ ఆనందపురం దగ్గర ఇసుక లారీని దాటుదామని యాక్సిలరేటర్ తొక్కితే బండి ‘ఉస్సు’మంది తప్ప కదల్లేదు. ఆ లారీ డ్రైవరు కిందికి వంగి జాలిగా చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

రోషం వచ్చి నేరుగా రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటరులోని లెక్కలు మార్చి పవరు పెంచడం, చేయించేద్దామనుకున్నాను. చేయించి ఉంటే ఆ ఇంజిన్ ఈపాటికి తుక్కు కొట్లో ఉండేది. ఇలాంటి బండి మీ దగ్గరా ఉంటే, కొత్త పవరు సంగతి తర్వాత, ఉన్న పవరు ఎక్కడ కారిపోతోందో ముందు వెతకండి. నాకు ఆ వెతుకులాటకే మూడేళ్లు పట్టింది. తర్వాత పెంచిన పని ఒక్క పూటలో అయిపోయింది.

పుస్తకం, కేబులు, స్టాండ్లు

స్పానర్ల కంటే ముందు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చారు, ముందెలా ఉంది, తర్వాతెలా ఉంది. ఆదివారానికి ఒకటే మార్పు. మొదట్లో ఈ నియమం లేక ఒకేరోజు ప్లగ్గులు మార్చి, గాలి కొలిచే మ్యాఫ్ సెన్సారు కడిగి, రెండు గొట్టాలు కొత్తవి వేశాను. సాయంత్రానికి బండి ఐడిల్‌లో ఊగడం మొదలుపెట్టింది. మూడింట్లో దొంగ ఎవరో తేలడానికి రెండు వారాలు పట్టింది. సెన్సారు కనెక్టరు సగమే దిగింది, అంతే. వైండింగులో మాకిది మొదటి నెలలోనే నేర్పుతారు: ఒక కాయిలు కట్టి, దాని చివరలకి గుర్తు పెట్టాకే రెండోది ముట్టుకోవాలి. ఆ బుద్ధి కారు దగ్గర ఏమైందో మరి.

పుస్తకంలో రాయడానికి అంకెలు కావాలి. పాత ల్యాప్‌టాప్, ఈ బళ్లకు పనికొచ్చే డయాగ్నొస్టిక్ కేబులు చాలు. ఈ ఇంజిన్ కంప్యూటరు కొలతలను గ్రూపులుగా చూపిస్తుంది. నేను ఎక్కువగా చూసేవి మూడు. 115లో టర్బో నుంచి ఎంత ప్రెషర్ అడుగుతోందో, నిజంగా ఎంత వస్తోందో పక్కపక్కనే ఉంటాయి. 020లో నాకింగ్ (పెట్రోలు వేళ కాని వేళ మండి ఇంజిన్ కొట్టుకోవడం) వల్ల ఏ సిలిండర్లో స్పార్కుని ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగుతోందో తెలుస్తుంది. 032లో తన లెక్క కంటే పెట్రోలు ఎంత శాతం ఎక్కువ పోయాల్సి వస్తోందో కనబడుతుంది.

ఆ 032 దగ్గర నేనొకసారి మోసపోయాను. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కైతే 9 కిలోలు చాలు. అంటే అంతే గాలికి ఇంధనం కొంచెం ఎక్కువ పోయాలి. అందుకే ఏడెనిమిది శాతం ప్లస్ కనబడితే కంగారుపడి లీకులు వెతకొద్దు, ట్యాంకులో ఏముందో గుర్తుచేసుకోండి. పదిహేను దాటితే మాత్రం వెతకాల్సిందే. అలాగే ఆ ఇథనాల్ ముందు ఇరవై ఏళ్ల నాటి రబ్బరు నిలవదు. ఇంజిన్ దగ్గరున్న పెట్రోలు గొట్టాలను దానికి తగిన కొత్తవాటితో మార్చి, ఆ తర్వాతే మిగతా సరదాలు.

జాకీ ఒక్కదాని మీద ఎత్తిన కారు కిందికి ఎవరూ దూరకండి. ఇటుకలు అసలు వద్దు, బరువుకి పిండైపోతాయి. రెండు స్టాండ్లు పెట్టి, విప్పిన చక్రాన్ని కూడా బాడీ కిందికి తోసి, కారుని చేత్తో గట్టిగా ఊపి చూశాకే నేను పడుకుంటాను. షెడ్డులో మట్టి నేల అయితే స్టాండ్ల కింద మందపాటి చెక్క పలక వేయాలి.

‘ఉస్సు’ ఎక్కడిది

ఈ ఒక్క పని కోసం మిగతావన్నీ పక్కన పెట్టినా నష్టం లేదు. టర్బో నొక్కిన గాలి ఇంజిన్లోకి చేరేలోపు గొట్టాలు, క్లిప్పులు, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ అన్నీ దాటాలి. ఎక్కడ చిన్న పగులున్నా గాలి బయటికి పోతుంది. అప్పటికే ఆ గాలిని కొలిచేసిన కంప్యూటరు దానికి సరిపడా పెట్రోలు పోస్తుంది, టర్బో మరింత వేగంగా తిరుగుతుంది, పాపం ఫలితం ఉండదు.

టెస్టు ఖర్చు రెండొందల లోపే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మ్యాఫ్ సెన్సారు విప్పేయండి. దాని వెనక టర్బోకి వెళ్లే లావు రబ్బరు గొట్టం మూతి కొలిచి, పైపుల కొట్లో అంత సైజు పీవీసీ ఎండ్ క్యాప్ తెచ్చుకోండి. కొంచెం వదులైతే సైకిల్ ట్యూబు ముక్క చుడితే సరిపోతుంది. క్యాప్ మధ్యలో రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించాలి. క్యాప్‌ని గొట్టంలోకి దూర్చి హోస్ క్లిప్పు గట్టిగా వేసి, గేజు ఉన్న ఫుట్ పంపుతో గాలి కొట్టాలి.

రెండు జాగ్రత్తలు. ఇంజిన్ లోపలి ఆవిరిని ఆ లావు గొట్టంలోకి తెచ్చే పైపు ఒకటి ఉంటుంది, దాన్ని గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కి మూసేయండి. లేకపోతే మీరు కొట్టే గాలి ఆయిలు ఉన్న చోటికి వెళ్లి సీళ్లను తోసేస్తుంది. రెండోది, 10 పీఎస్ఐ దాటొద్దు. పీవీసీ గాలి ఒత్తిడికి పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. కళ్లద్దాలు పెట్టుకుని, క్యాప్‌కి ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి.

ఆ రోజు పంపు తొక్కింది మా మేనల్లుడు. సర్ఫ్ నీళ్లు, పాత పెయింటు బ్రష్షు నా చేతిలో. నెల్లిమర్ల నుంచి వచ్చిన మా బావ గుమ్మంలో నిలబడి చూసి, “ఏటి బావా, కారుకి సెలైన్ ఎక్కిస్తన్నావేటి?” అన్నాడు. లేతు పని చేసే మనిషి, చెవి మహా చురుకు. షెడ్డులో ఫ్యాను ఆపించి, రెండు నిమిషాలు కళ్లు మూసుకుని విని, “ముందర చక్రం కాడ ఒకటి, ఇంజిను కింద ఒకటి” అన్నాడు. చక్రం దగ్గర ఇంటర్‌కూలర్ కింది క్లిప్పు మీద నురగ ఇడ్లీ పిండిలా పొంగింది. రెండోది సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ అడుగున, చెయ్యి దూరని చోట. అద్దం పెట్టి చూస్తే బొటనవేలంత లావు గొట్టం నిలువునా చీలి ఉంది. వయసు మరి. మూడోది నేనే పట్టుకున్నాను, బూస్టుని అదుపు చేసే చిన్న వాల్వు దగ్గర పెన్సిలంత గొట్టం. అన్ని లీకులూ మూసినా సన్నగా గాలి శబ్దం మిగులుతుంది. ఏదో ఒక సిలిండర్లో వాల్వు తెరిచి ఉంటుంది కాబట్టి అది మామూలే, దాని వెంట పడొద్దు.

ఆ వారం భోగాపురం దాటాక, తెల్లవారుజామున ఖాళీ హైవే మీద, మూడో గేరులో 2000 నుంచి 4000 ఆర్‌పీఎం దాకా లాగాం. నేను స్టీరింగు, మేనల్లుడు ల్యాప్‌టాప్. అంతకు ముందు 115లో అడిగింది 1550 మిల్లీబార్లు, వచ్చింది 1280. అందులో బయటి గాలి వాటానే వెయ్యి పైచిలుకు, అంటే టర్బో ఇచ్చింది దాదాపు సగమే. లీకులు మూశాక 1530. “మావయ్యా, సీటు వెనక్కి తోస్తోంది” అన్నాడు వాడు. రూపాయి పార్టు వేయలేదు, గొట్టాలే.

గొట్టాల దగ్గర నా తప్పొకటి చెప్పాలి. నీలం రంగు సిలికాన్ గొట్టాలు చూడ్డానికి బాగుంటాయని అన్నిచోట్లా అవే వేశాను. గాలి గొట్టాలకు, చిన్న వాక్యూమ్ లైన్లకు అవి భేష్. ఆయిలు ఆవిరి వెళ్లే పైపుకి మాత్రం పనికిరావు. ఐదు నెలలకి అది ఉబ్బి, నీళ్లలో నానిన అప్పడంలా మెత్తబడి, లోపలికి అతుక్కుపోయింది. ఆవిరి పోయే దారిలేక ఆయిలు వాల్వ్ కవర్ దగ్గర కారింది. అక్కడ ఆయిలుకి ఆగే రబ్బరే వేయండి.

డైవర్టర్ వాల్వు (యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన గాలిని వెనక్కి మళ్లించేది) కూడా విప్పినప్పుడే చూసేయండి, నిమిషం పని. లోపలి పిస్టన్ని వేలితో పైకి తోసి, పైనున్న చిన్న నాజిల్‌ని ఇంకో వేలితో మూసి, కిందిది వదలాలి. పిస్టన్ పైనే ఆగితే లోపలి రబ్బరు పొర, డయాఫ్రం, బాగున్నట్టు, జారి దిగిపోతే చిరిగినట్టు. నాది దిగిపోయింది. ఈ బళ్లవాళ్లంతా వేసుకునే బాష్ 710ఎన్ వేశాను.

ఆయిలు, బెల్టు

టర్బో షాఫ్టు ఆయిలు పొర మీదే తిరుగుతుంది. వోక్స్‌వ్యాగన్ 502 00 స్పెసిఫికేషన్ డబ్బా మీద ఉందో లేదో చూసి 5డబ్ల్యూ-40 సింథటిక్ పోయండి. నేను 7,000 కిలోమీటర్లకి మార్చేస్తాను. పాత బండి అయితే ఒకసారి సంపు (ఇంజిన్ అడుగున ఉండే ఆయిలు తొట్టి) దింపి లోపలి జల్లెడ చూడాలి. నా దాంట్లో మాడిన ఆయిలు కాఫీ ఫిల్టరు అడుగున మిగిలిన పొడిలా పేరుకుపోయి సగం కన్నాలు మూసేసింది. ఈ సంపుకి గ్యాస్కెట్ ఉండదు, సీలెంట్ మాత్రమే. రెండు వైపులా శుభ్రంగా గీకి, సన్నగా పూసి, ఆరనివ్వాలి. ఎక్కువ పూస్తే లోపలికి పిండుకొచ్చి మళ్లీ అదే జల్లెడకి అడ్డం పడుతుంది.

వాల్వులను పిస్టన్లతో కలిపి నడిపే టైమింగ్ బెల్టు నేను ముట్టుకోలేదు. తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టేస్తాయి, వంగేవి ఇరవై. బండి పాత రికార్డు లేకపోతే బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు మూడూ కలిపి మార్పించండి. పంపు లోపలి ఫ్యాను ప్లాస్టిక్‌ది కాకుండా లోహంది అడగండి. నాకు గాజువాక వైపు తెలిసిన మెకానిక్ చేశారు. ఇంట్లో చేయదగ్గ పని ఏదో, కాదో ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ప్లగ్గులు మాత్రం ఇంట్లోనే. గ్యాపు 0.7 ఎంఎం, బిగింపు 30 న్యూటన్ మీటర్లు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. నాలుగింటి రంగు పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పుస్తకంలో అంటించండి.

సాలూరు ఘాట్

వేడి సంగతి మా విజయనగరం రోడ్ల మీద తెలియదు. అందుకే మేలో ఒక మధ్యాహ్నం సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కించాను. లారీల వెనక రెండో గేరులో పాకుతుంటే, చక్రం ముందు మూల దాక్కుని ఉన్న ఇంటర్‌కూలర్‌కి గాలే తగలదు. కింద 020లో ఒక డిగ్రీ ఉన్న స్పార్కు వెనకడుగు పైకెళ్లేసరికి ఆరైంది. పెద్ద ఇంటర్‌కూలర్ కొందామని అప్పుడే ఫోన్లు మొదలుపెట్టాను. మా ఆవిడ, “ఉన్నదాన్ని కడిగావా?” అంది. విప్పితే రెక్కల మధ్య బురద, తూనీగలు, లోపల గ్లాసుడు ఆయిలు. డీగ్రీజర్‌తో రెండుసార్లు కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, 95 ఆక్టేన్ పెట్రోలుతో మళ్లీ అదే ఘాట్, అదే వేళ: మూడు. ఇక్కడ నా నియమం నేనే తప్పాను, కడగడం, పెట్రోలు మార్చడం రెండూ ఒకేసారి. ఏది ఎంత పనిచేసిందో ఇప్పటికీ తెలియదు. పెద్ద ఇంటర్‌కూలర్ మాత్రం కొనలేదు. ఘాట్ ఎక్కాక వెంటనే ఇంజిన్ ఆపకండి, ఓ రెండు నిమిషాలు తిరగనిస్తే టర్బోలో ఆయిలు మాడదు.

ఇక పవరు

దానికి ముందు బ్రేకులు, టైర్లు. డాట్ 4 ఆయిలు గాలిలో తేమ పీల్చుకుంటుంది, మన సముద్రపు గాలికి రెండేళ్లకోసారి మార్చడం మంచిది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. పైన గీతలు ఎంత లోతుగా ఉన్నా ముసలి టైరు ముసలిదే. చక్రం బోల్టులు 120 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచితోనే.

రీమ్యాప్ చేయించే ముందు మీ లాగ్‌లు, అంటే ల్యాప్‌టాప్‌లో దాచిన ఆ కొలతలు, ట్యూనరు ముందు పెట్టండి. అవి అడగని ట్యూనరు అయితే టీ తాగి వచ్చేయండి. ఇంట్లో పవరు అంచనాకి నాదొక మొరటు లెక్క: రెండో గేరులో పూర్తిగా లాగినప్పుడు సెకనుకి ఎన్ని గ్రాముల గాలి వెళ్లిందో దాన్ని 1.25తో గుణించడం. కొన్న కొత్తలో 96 గ్రాములు, అంటే 120 హార్స్‌పవర్. మూడేళ్ల మరమ్మతుల తర్వాత 118, అంటే కంపెనీ చెప్పిన 150కి దగ్గర. మ్యాప్ తర్వాత 148, అంటే 185. ఇంకా పెంచమంటే పెంచుతారు. కానీ ఈ ఇంజిన్లో పిస్టన్లను మోసే కనెక్టింగ్ రాడ్లు సన్నవి, చిన్న టర్బోతో తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ ఒక్కసారిగా మీద పడితే వంగుతాయి. నేను అక్కడే ఆగాను.

సైలెన్సరు జోలికి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి పోలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పైగా 15 ఏళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్ కోసం ఐదేళ్లకోసారి ఆర్‌టీఏ ముందు నిలబెట్టాలి. ఏ మార్పు చేసినా విప్పిన అసలు పార్టులు పారేయకండి. నావన్నీ అటక మీద పేర్లు రాసి ఉన్నాయి. మ్యాప్ సంగతి ఇన్సూరెన్సు వాళ్లకి రాతపూర్వకంగా చెప్పాను, ప్రీమియం కొంచెం పెరిగింది.

పుస్తకంలో ఆఖరి ఎంట్రీ పోయిన ఆదివారానిది. నాలుగో గేరులో 2000 దగ్గర పూర్తిగా తొక్కితే ముల్లు 2800కి ఎగిరింది, స్పీడు మాత్రం అక్కడే ఉంది. క్లచ్ జారుతోంది. సిరిమాను పండగ అయ్యాక గేర్‌బాక్సు దింపాలి. రైసుమిల్లు వాళ్ల చెయిన్ పుల్లీ అడిగి పెట్టాను, మా బావ ఆ శనివారం రాత్రికే వస్తానన్నాడు.