ఎగిరే గద్ద ఫొటో సరిగ్గా రావడం లేదా? కారణం ఫొటోలోనే ఉంటుంది

గద్ద, డేగ లాంటి వేటపక్షులు ఎగిరేటప్పుడు తీసిన ఫొటో మసకగా వస్తే చాలామంది ముందు లెన్స్‌ని తిట్టుకుంటారు. లెన్స్ తప్పు అయ్యేది అరుదు. డిలీట్ చేసే ముందు ఫొటోని 100 శాతానికి జూమ్ చేసి చూడండి.

సమస్య: మసక

తల బాగానే ఉండి రెక్కలు చెదిరిపోయాయా? షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంత తక్కువసేపు తెరుచుకుంటుందో ఆ లెక్క, సెకనులో వంతుల్లో) చాలలేదు. తేలుతూ తిరిగే గద్దకి 1/1250 సరిపోవచ్చు. రెక్కలు గబగబా కొట్టే చిన్న డేగలకి 1/2500 పైన పెట్టండి. వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచేయండి. నాయిస్‌ని (ఫొటోలో కనిపించే గరుకు చుక్కల్ని) తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిన ఈకల్ని మాత్రం ఏం చేయలేం. రెక్క కొన కాస్త మెత్తబడితే మాత్రం కంగారు అక్కర్లేదు. 600 ఎంఎం లెన్స్‌తో, ఎఫ్ 5.6 అపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) దగ్గర, 20 మీటర్ల దూరంలోని పక్షికి ఫోకస్ లోతు (ముందూ వెనకా కలిపి స్పష్టంగా వచ్చే దూరం) దాదాపు 40 సెంటీమీటర్లే. పెద్ద గద్ద రెక్కల చాపు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. కన్ను స్పష్టంగా కుదిరితే ఫొటో కుదిరినట్టే.

కంట్లో మెరుపు చుక్కలా కాకుండా చిన్న గీతలా సాగిందా? పక్షి వేగానికి మీరు కెమెరా తిప్పిన వేగం కలవలేదు. పాదాల్ని పక్షి వస్తున్న వైపు కాకుండా, అది మీ ముందుకి వచ్చే వైపు పెట్టి, నడుము దగ్గర్నుంచి తిరగండి. బటన్ వదిలాక కూడా తిప్పడం ఆపకండి.

వెనక చెట్టు ఆకులు స్పష్టంగా ఉండి పక్షి మసకగా ఉంటే ఫోకస్ చెట్టు మీదికి జారింది. కంటిన్యువస్ ఆటోఫోకస్ (కదిలే పక్షి మీద ఫోకస్ సర్దుతూనే ఉండే మోడ్, కెమెరాలో ఏఎఫ్-సి లేదా ఏఐ సర్వో అని ఉంటుంది) ఆన్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి. ఆకాశం ఖాళీగా ఉంటే పెద్ద ఫోకస్ జోన్ (ఫ్రేములో కెమెరా ఫోకస్ వెతికే భాగం), వెనక చెట్లుంటే చిన్న జోన్. పక్షి దూరంగా ఉన్నప్పుడే ఫోకస్ పట్టుకుని వెంబడించండి. మీదికొచ్చాక మొదలుపెడితే లెన్స్‌లోని ఫోకస్ మోటారు అందుకోలేదు.

ఇవేవీ కాక, అన్ని ఫ్రేముల్లోనూ ఈకలు నీళ్లలో కదిలినట్టు వంకరగా ఉంటే అది నేల మీంచి లేచే వేడిగాలి. దీనికి కెమెరాలో మందు లేదు. పొద్దున్నే వెళ్లడమే.

సమస్య: పక్షి నల్లటి బొమ్మలా వస్తోంది

ఆకాశం వెలుగు చూసి కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ మోసపోతోంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగుని పెంచే, తగ్గించే సెట్టింగ్) +1 లేదా కొంచెం ఎక్కువ పెడితే సర్దుకుంటుంది, కానీ పక్షి చెట్ల ముందుకి రాగానే వెలుగు ఎక్కువై తెల్లగా పేలిపోతుంది. అందుకే నా ఓటు పూర్తి మాన్యువల్‌కి (సెట్టింగులన్నీ మీరే పెట్టే మోడ్), ఐఎస్‌ఓ కూడా ఆటోలో వద్దు. వెనక ఏమున్నా పక్షి మీద పడే ఎండ మారదు కదా! మబ్బు అడ్డమొస్తేనే సెట్టింగ్ మార్చండి. నడినెత్తిన ఎండున్నప్పుడు రెక్కల అడుగు నీడలోనే ఉంటుంది, దానికి ఏ సెట్టింగూ పనిచేయదు.

సమస్య: ఎప్పుడూ తోకే దొరుకుతోంది

మీరు నిలబడ్డ చోటు తప్పు. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే వాలతాయి. గాలి మీ వీపుకి తగిలేలా నిలబడితే ముఖం మీ వైపు ఉంటుంది. ఎండ కూడా వెనకనుంచే వస్తే ఇంకేం కావాలి! కొమ్మ మీది గద్ద ముందుకి వంగినా, రెట్ట వేసినా ఎగరబోతోందని గుర్తు, వేలు బటన్ మీద ఉంచండి.

సమస్య: వ్యూఫైండర్‌లో పక్షే కనబడదు

జూమ్ తగ్గించి వెతికి, దొరికాక పెంచండి. ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) అయితే పక్షి ఉన్నంత దూరంలోని చెట్టు మీద ముందే ఫోకస్ చేసి, చూపు పక్షి మీంచి తీయకుండా కెమెరాని కంటి దగ్గరికి తేండి.

సమస్య: పక్షి అరుస్తూ నెత్తిమీదే తిరుగుతోంది

ఫ్రేములు తేలిగ్గా దొరుకుతాయి, తీయకండి. దగ్గర్లో గూడు ఉండి ఉంటుంది. అరుపులు ఆగేంత దూరం వెనక్కి వెళ్లిపోండి.