ఫ్లాటు తాళాలు తీసుకునే ముందు తనిఖీకి ఎవర్ని పిలవాలి?

నిజాంపేటలో మేం కొత్త ఫ్లాటు కొన్నప్పుడు దాన్ని చూపించడానికి ఇద్దర్ని పిలవాల్సి వచ్చింది. మొదటాయన్ని సేల్స్ ఆఫీసు వాళ్ళే పంపారు. నలభై నిమిషాల్లో గదులన్నీ తిరిగేసి, "ఏం పర్లేదు మేడమ్, కాస్త పెయింట్ టచప్ చేస్తే చాలు" అని వెళ్ళిపోయాడు. మనసొప్పక, మేమే వెతికి ఇంకొకాయన్ని పిలిచాం. ఆయన నాలుగున్నర గంటలు ఉండి అరవై రెండు లోపాలు రాసిచ్చాడు. అదే ఇల్లు!

అందుకే, ఎవర్ని పిలిచినా ముందు ఒకటి తేల్చుకోండి. ఈ ఇంటి వ్యవహారంలో ఆయనకి మీరు కాక ఇంకెవరైనా డబ్బులిస్తున్నారా? బిల్డరు పంపినవాళ్ళు, బ్రోకరు చెప్పినవాళ్ళు వద్దు. "లోపాలుంటే మా టీమే రిపేరు చేసిపెడుతుంది" అనేవాళ్ళూ వద్దు. రిపేరు పని దొరుకుతుందంటే లోపాన్ని పెద్దది చేసి చూపించాలనిపిస్తుంది కదా.

వకీళ్ళకి ఉన్నట్టు ఇళ్ళ తనిఖీ చేసేవాళ్ళకి మన దేశంలో ప్రత్యేకంగా లైసెన్సు లేదు. నాలుగు మెషీన్లు కొనుక్కుని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి పాత రిపోర్టు ఒకటి పంపమని అడగండి. ఓనరు పేరు, ఫ్లాటు నంబరు తీసేసి పంపినా చాలు. పంపనంటే అక్కడితో ఆపేయండి. పంపితే తీరిగ్గా కూర్చుని చదవండి. "బాత్రూంలో చెమ్మ ఉంది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, సైటు ఇంజనీరు "అదేం లేదండీ, కొత్త గోడ కదా" అనేస్తాడు. "మాస్టర్ బాత్రూం, తలుపు పక్క గోడ, నేల నుంచి అడుగు ఎత్తు వరకు చెమ్మ, అవతలి గదిలో అక్కడే పుట్టీ ఉబ్బింది" అని చెమ్మ కొలిచే మీటరు రీడింగుతో, ఫొటోతో ఉంటే కాదనలేడు. ఏవేం చూడలేకపోయారో కూడా అందులో రాసి ఉండాలి.

ఫోన్లో మాట్లాడేటప్పుడు, స్వయంగా వస్తారా, కుర్రాళ్ళని పంపుతారా అని అడగండి. సైట్లో ఎన్నేళ్ళు పనిచేశారో కనుక్కోండి. "థర్మల్ కెమెరా ఉంది" అంటే, దాంతో చెమ్మ ఎలా తెలుస్తుందో చెప్పమనండి. ఆ కెమెరా నీటిని చూపించదు, గోడ మీద వేడి తేడానే చూపిస్తుంది. చల్లగా కనిపించిన చోట మాయిశ్చర్ మీటరు పెట్టి మళ్ళీ చూడాలి. పని తెలిసినవాళ్ళు ఈ మాట వాళ్ళే చెప్తారు.

తనిఖీ రోజు మీరూ పక్కనే ఉండండి. మేం పిలిచినాయన హాల్లో మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి టైలునీ నాలుగు మూలలా చిన్న కడ్డీతో తట్టాడు. టక్ టక్‌మని వస్తున్న చప్పుడు బాల్కనీ తలుపు దగ్గరికి వచ్చేసరికి డొబ్ డొబ్‌మంది. కింద సిమెంటు సరిగ్గా పట్టలేదన్నమాట. అలాంటివి ఏడు టైల్స్. అన్నిటికీ చాక్‌పీసుతో గుర్తు పెట్టాడు. బాత్రూంలో బకెట్టు నీళ్ళు పోసి వాటం చూశాడు. నీళ్ళు జాలీ వైపు వెళ్ళకుండా తలుపు దగ్గరే నిలిచిపోయాయి. తర్వాత జాలీ మూసేసి, రెండంగుళాల నీళ్ళు నింపి, మర్నాడు కింది ఫ్లాటు వాళ్ళ సీలింగు చూడాలన్నాడు. ఈ పరీక్ష చేస్తారో లేదో ముందే అడగండి. రెండోసారి రావాలి కాబట్టి చాలామంది దాన్ని వదిలేస్తారు.

ప్లగ్గులన్నిటికీ టెస్టరు పెడితే, గీజరు పాయింటుకి ఎర్తింగే లేదని తేలింది. మా పాపకి ఆరేళ్ళు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫీజు ఎస్ఎఫ్‌టీ లెక్కన అడుగుతారు. మా 1,340 ఎస్ఎఫ్‌టీకి ఎనిమిది వేలయింది. బిల్డరు రిపేర్లు చేశాక మళ్ళీ వచ్చి చూడటం కూడా అందులోనే ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

కొత్త ఫ్లాటయితే పొసెషన్ లెటరు (ఇల్లు అప్పగించినట్టు రాసే కాగితం) మీద సంతకం పెట్టకముందే పిలవండి. తాళాలిచ్చిన అయిదేళ్ళలోపు కట్టుబడిలోనో పనితనంలోనో లోపం చూపిస్తే, బిల్డరు సొంత ఖర్చుతో 30 రోజుల్లో సరిచేయాలని 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ చెప్తోంది. అయినా తాళాలు చేతికి రాకముందు పని చేయించుకోవడమే తేలిక. పాత ఫ్లాటయితే అగ్రిమెంటుకి ముందే చూపించండి. ఒక్క గోడకే కొత్త పెయింట్ ఉంటే అక్కడ మీటరు పెట్టమనండి. పిల్లర్లకీ బీములకీ పగుళ్ళుంటే స్ట్రక్చరల్ ఇంజనీరునే పిలవాలి. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) వకీలు చూస్తారు, అది వేరే పని.

మా బిల్డరు రిపేర్లకి నెలన్నర తీసుకున్నాడు. తర్వాత తనిఖీ చేసినాయన మళ్ళీ వచ్చి, గీజరు పాయింటుకి టెస్టరు పెట్టి, ఆ ఏడు టైల్స్‌నీ తట్టి చూశాడు. ఆరు బాగున్నాయి. ఏడోది ఇంకా డొల్లగానే ఉంది. అదీ మార్చాకే తాళాలు తీసుకున్నాం.