అమెరికాలో పాత చిన్న విమానం కొంటున్నారా? ఎఫ్‌ఏఏ రిజిస్ట్రేషన్ దరఖాస్తు విధానం ఇదీ

అమెరికాలో సొంతానికి చిన్న విమానం కొనేవాళ్లలో చాలామంది కొనేది పాతదే. 1960, 70ల్లో తయారైన సెస్నా 172లు, పైపర్ చెరొకీలు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. బాగా చూసుకున్న విమానానికి వయసు పెద్ద అడ్డంకి కాదు. కానీ వయసుతోపాటు కాగితాలు పేరుకుంటాయి. అరడజను మంది పాత ఓనర్లు, ఎప్పుడో తీర్చేసిన లోన్లు, మధ్యలో మార్చిన ఇంజిన్, రేడియోలు, వాటన్నిటి రికార్డులు. ఎఫ్‌ఏఏకు, అంటే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థకు, కట్టాల్సిన దరఖాస్తు ఫీజు 5 డాలర్లే, నింపాల్సింది చిన్న ఫారమే. ఆలస్యమంతా ఈ పాత కాగితాల దగ్గరే జరుగుతుంది.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ అంటే విమానం ఎవరి పేరున నమోదైందో చెప్పే కాగితం, అంతవరకే. అది ఎగరడానికి తగిన స్థితిలో ఉందని ఆ కాగితం చెప్పదు. యాజమాన్యం మీద కోర్టులో తగాదా వస్తే రుజువుగా కూడా పనికిరాదు. ఈ మాట అమెరికా చట్టంలోనే ఉంది. అందుకే కొనేముందు రికార్డులు చూడటం, రిజిస్ట్రేషన్, విమానం తనిఖీ అనే మూడింటినీ వేర్వేరు పనులుగా చూడండి.

ఎవరు దరఖాస్తు చేయొచ్చు

అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు సొంత పేరు మీద రిజిస్టర్ చేసుకోవచ్చు. గ్రీన్ కార్డు వాళ్లు దాని మీది ఏలియన్ రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఇవ్వాలి. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు సొంత పేరున ఇది కుదరదు. పైలట్ లైసెన్సు ఉన్నా సరే కుదరదు, ఎందుకంటే ఆ రెండింటి నిబంధనలు వేరు. భార్యాభర్తల్లో ఒకరికే గ్రీన్ కార్డు ఉంటే ప్రేమకొద్దీ ఇద్దరి పేర్లూ రాయకండి. జాయింటుగా కొనేటప్పుడు ప్రతి ఒక్కరికీ అర్హత ఉండాలి.

నలుగురు స్నేహితులు కలిసి కొనేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఫారంలో పార్ట్‌నర్‌షిప్ అని టిక్ పెడితే భాగస్వాములందరూ అమెరికా పౌరులై ఉండాలి, గ్రీన్ కార్డు సరిపోదు. కో-ఓనర్స్ అని పెడితే పౌరులు, గ్రీన్ కార్డు వాళ్లు కలిసి ఉండొచ్చు. కంపెనీ పేరున పెట్టాలనుకుంటే ఓటింగ్ హక్కుల్లో కనీసం 75 శాతం, మేనేజింగ్ ఆఫీసర్లలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులవే కావాలి. అంటే గ్రీన్ కార్డు వ్యక్తి సొంత పేరున హాయిగా చేసుకోగలిగిన పని, లయబిలిటీ భయంతో ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టగానే చిక్కులో పడుతుంది. పౌరసత్వ షరతు తీరని కంపెనీలకు, ట్రస్టులకు వేరే దారులు ఉన్నాయి గానీ, వాటికి ఏవియేషన్ లాయర్ దగ్గరికి వెళ్లాల్సిందే. అర్హత లేకుండా సంతకం పెట్టడం మాత్రం తప్పుడు ధ్రువీకరణ కిందికి వస్తుంది, క్రిమినల్ కేసు అవుతుంది.

డబ్బు కట్టకముందే

ఎఫ్‌ఏఏ వెబ్‌సైట్లో విమానం ఎన్ నంబరు (ఎన్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు) కొట్టి చూడండి. ఓనరు పేరు, సీరియల్ నంబరు, రిజిస్ట్రేషన్ గడువు కనిపిస్తాయి. మీకు అమ్ముతున్న మనిషి పేరు అక్కడ లేకపోతే ఆగండి. ఆయన కొన్నాక తన పేరుకు మార్చుకోకుండానే మీకు అమ్ముతూ ఉండొచ్చు. అలాంటప్పుడు రికార్డులో ఉన్న ఓనరు నుంచి ఆయనకు, ఆయన నుంచి మీకు, ప్రతి అమ్మకానికీ బిల్ ఆఫ్ సేల్ (అమ్మకపు పత్రం) కావాలి. మధ్యలో ఒక్కటి లేకపోయినా దరఖాస్తు వెనక్కి వస్తుంది. పాత ఓనరు చనిపోయి వారసులు అమ్ముతుంటే, వాళ్లకు ఆ అధికారం ఉందని చూపే పత్రాలు కూడా జతచేయాలి.

స్థలం కొనేముందు ఈసీ తీయించినట్టే విమానానికి టైటిల్ సెర్చ్ చేయించాలి. విమానాల మీది తాకట్టులు ఓక్లహోమా సిటీలోని ఎఫ్‌ఏఏ రిజిస్ట్రీలో నమోదవుతాయి. ముప్పై ఏళ్ల కిందట తీర్చేసిన లోను కూడా, బ్యాంకు విడుదల పత్రం పంపకపోతే రికార్డులో అలాగే ఉంటుంది. ఆ బ్యాంకు ఈలోపు మరో బ్యాంకులో కలిసిపోయి ఉంటే ఆ పత్రం సంపాదించడానికి నెలలు పట్టొచ్చు. ఈ పని అమ్మేవాళ్ల చేతే చేయించండి, డబ్బు ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) ఉండగానే చేయించండి.

సెర్చ్‌తోపాటు విమానం పూర్తి ఫైలు తెప్పించుకోమని గట్టిగా చెబుతాను. అందులో ఓనర్ల చరిత్రతోపాటు ఫారం 337లు ఉంటాయి. పెద్ద రిపేరు గానీ మార్పు గానీ చేసినప్పుడు మెకానిక్ నింపే ఫారం అది. ఫైలు పక్కన పెట్టుకుని విమానాన్ని చూడండి. రెక్క రిపేరు చేసినట్టు 337 ఉండి లాగ్‌బుక్‌లో (విమానానికి చేసిన పనులన్నీ రాసే పుస్తకంలో) ఆ ఊసే లేకపోయినా, విమానంలో ఇంజిన్ మోడల్ మారి 337 లేకపోయినా, జవాబు రాకుండా ముందుకెళ్లొద్దు.

ఫారాలు నింపడం

కావాల్సినవి ప్రధానంగా రెండు. అమ్మిన వ్యక్తి సంతకం చేసే బిల్ ఆఫ్ సేల్ ఏసీ 8050-2, కొన్నవాళ్లు నింపే దరఖాస్తు ఏసీ 8050-1. రెండూ 5 డాలర్ల ఫీజుతో ఓక్లహోమా సిటీలోని ఎయిర్‌క్రాఫ్ట్ రిజిస్ట్రేషన్ బ్రాంచికి పోస్టులో పంపొచ్చు. కేర్స్ అనే ఆన్‌లైన్ పోర్టల్ కూడా ఉంది. సొంత పేరున కొనేవాళ్లకు అదే సులువు.

మన వాళ్లకు పేరు దగ్గరే తేడా వస్తుంది. ఒక చోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకో చోట పొడి అక్షరం, మరో చోట ముందుది వెనక్కి. బిల్ ఆఫ్ సేల్‌లో కొనుగోలుదారు పేరు, దరఖాస్తులో పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. గ్రీన్ కార్డు మీద ఎలా ఉందో అలాగే రెండిట్లోనూ రాయడం మంచిది. అమ్మేవాళ్ల పేరు కూడా రిజిస్ట్రీలో ఉన్నట్టే ఉండాలి. ఇద్దరు ఓనర్లుంటే ఇద్దరూ సంతకం చేయాలి. కంపెనీ అయితే సంతకం కింద హోదా రాయాలి.

మోడల్, సీరియల్ నంబర్లు విమానానికి బిగించిన డేటా ప్లేటు చూసి రాసుకోండి, ప్రకటనలో ఉన్నది నమ్మొద్దు. అది 172ఎన్ అయితే ఉత్త 172 అని రాస్తే కుదరదు. పైపర్ సీరియల్ నంబర్లలో మధ్య గీత ఉంటుంది, అదీ వదలకూడదు. పోస్టు బాక్సు అడ్రసు ఇస్తే, ఉంటున్న చోటి అడ్రసు కూడా విడిగా ఇవ్వాలి. పేరు, అడ్రసు వెబ్‌సైట్లో అందరికీ కనిపించడం ఇష్టం లేకపోతే దాచమని కోరే వీలు 2025 నుంచి కేర్స్‌లో వచ్చింది.

సర్టిఫికెట్ వచ్చేలోపు

ఓనరు మారగానే పాత రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చెల్లదు. దాన్ని విమానంలో పెట్టుకుని ఎగిరితే రిజిస్ట్రేషన్ లేకుండా ఎగిరినట్టే. దరఖాస్తు పంపాక దాని రెండో కాపీని విమానంలో ఉంచుకోవాలి, అదే తాత్కాలిక అనుమతి. సంతకం చేసిన రోజు నుంచి గరిష్ఠంగా 90 రోజులు, అదీ అమెరికా లోపలే. చివరిసారి అమెరికాలోనే రిజిస్టరై ఉన్న విమానానికే ఇది వర్తిస్తుంది. 90 రోజుల్లో ఏ సంగతీ తేలకపోతే రిజిస్ట్రీ ఇచ్చే పొడిగింపు ఉత్తరం వెంట ఉండాలి. కెనడాకో మెక్సికోకో వెళ్లాలంటే ఈ కాపీ చాలదు.

కాగితం వచ్చింది, మరి విమానం?

ఎగరడానికి తగినదని చెప్పే ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్ ఓనరుతో కాదు, విమానంతో ఉంటుంది. కొత్తగా దరఖాస్తు అక్కర్లేదు, మామూలు స్టాండర్డ్ సర్టిఫికెట్‌కు గడువు తేదీ కూడా ఉండదు. కానీ నిబంధనల ప్రకారం మెయింటెనెన్స్ జరుగుతున్నంత కాలమే దానికి విలువ. ప్రతి 12 క్యాలెండర్ నెలలకు ఒకసారి యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ జరగాలి. దాని మీద ఇన్‌స్పెక్షన్ ఆథరైజేషన్ (తనిఖీకి ఎఫ్‌ఏఏ ఇచ్చే ప్రత్యేక అధికారం) ఉన్న మెకానిక్కే సంతకం చేయాలి. రాడార్‌కు విమానం జాడ తెలిపే ట్రాన్స్‌పాండర్‌కు 24 నెలలకోసారి పరీక్ష, అత్యవసర లొకేటర్ ట్రాన్స్‌మిటర్‌కు ఏటా తనిఖీ ఉండాలి.

పాత విమానంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్‌ల జాబితా. వీటినే అందరూ ఏడీలు అంటారు. ఎక్కడైనా ప్రమాదకరమైన లోపం బయటపడితే, ఆ రకం విమానాలన్నిట్లో ఫలానా తనిఖీ చేయాల్సిందేనని ఎఫ్‌ఏఏ ఇచ్చే ఆదేశాలివి. కొన్ని ఒక్కసారి చేస్తే సరిపోతాయి, కొన్ని విమానం ఉన్నంతకాలం చేస్తూనే ఉండాలి.

సెస్నా సీటు పట్టాల ఏడీ 2011-10-09నే తీసుకోండి. సీటు కింద పట్టాలుంటాయి, వాటికి వరసగా రంధ్రాలు. సీటుకున్న పిన్ను రంధ్రంలో దిగి సీటును కదలకుండా పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి వాడకంలో ఆ రంధ్రం అరిగి కోలగా అవుతుంది, పిన్ను పూర్తిగా దిగదు. టేకాఫ్‌లో ముక్కు పైకి లేవగానే సీటు వెనక్కి జారిపోతుంది. పైలట్ పట్టు కోసం చేతిలో ఉన్న కంట్రోల్ వీల్‌నే లాగుతాడు, ముక్కు ఇంకా పైకి లేస్తుంది. ఆ ఎత్తులో సరిదిద్దుకునే టైమ్ ఉండదు. చూడటానికి చిన్న ఇనప ముక్కే, మనుషుల ప్రాణాలు పోయాయి. కొనేరోజు మోకాళ్ల మీద కూర్చుని టార్చిలైటుతో ఆ పట్టాలు మీ కళ్లతో చూడండి. కూర్చున్నాక ప్రతిసారీ సీటును ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపి చూడటం అలవాటు చేసుకోండి.

పైపర్ల విషయంలో 2018 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ దగ్గర ట్రైనింగ్ విమానం రెక్క గాల్లోనే విడిపోయింది. ఆ తర్వాత వచ్చిందే ఏడీ 2020-26-16. రెక్క ప్రధాన స్పార్ (రెక్క బరువు మోసే దూలం) బోల్టు రంధ్రాల్లో పగుళ్లున్నాయేమో ఎడ్డీ కరెంట్ పరీక్షతో (కంటికి కనిపించని పగుళ్లను విద్యుత్తుతో పట్టే పద్ధతితో) చూడాలని అది చెబుతుంది. ఏ మోడళ్లకు, ఎన్ని గంటలకు వర్తిస్తుందో మీ మెకానిక్‌ను లెక్క కట్టమనండి.

ఏడీల జాబితాలో ప్రతిదానికీ నంబరు, చేసిన పద్ధతి, తేదీ, మళ్లీ ఎప్పుడు చేయాలో ఉండాలి. అవన్నీ అయిపోయాయండీ అనే మాట రికార్డు కాదు. లాగ్‌బుక్కులు పోయిన విమానం ఎంత చవగ్గా వచ్చినా నేను కొనమనను. ఏడీలన్నీ పాటించినట్టు మళ్లీ మొదటి నుంచి నిరూపించుకునే ఖర్చుతో ఆ చవక కాస్తా కరిగిపోతుంది.

ఇంకో మాట. 1978 జులై 18 తర్వాత తయారైన చిన్న విమానాలకు ముందు సీట్లలో భుజం బెల్టులు తప్పనిసరి. అంతకుముందు వాటిలో చాలావాటికి నడుం బెల్టే ఉంటుంది. నిబంధన అడగకపోయినా కొత్త రేడియో కంటే ముందు భుజం బెల్టులు పెట్టించండి.

యాన్యువల్ గడువు దాటిన విమానాన్ని తెచ్చుకోవాలంటే

పాత విమానాల్లో ఇది మామూలే. ఎక్కడో హ్యాంగర్లో రెండేళ్లుగా ఉంది, యాన్యువల్ అయిపోయింది, మీ మెకానిక్ వేరే ఊళ్లో ఉన్నాడు. దీనికి స్పెషల్ ఫ్లైట్ పర్మిట్ కావాలి, అందరూ ఫెర్రీ పర్మిట్ అంటారు. ఫారం 8130-6 నింపి, స్థానిక ఫ్లైట్ స్టాండర్డ్స్ ఆఫీసుకు గానీ ఎఫ్‌ఏఏ ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా గానీ దరఖాస్తు చేయాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిలో, విమానం ఏ నిబంధన తీర్చడం లేదు, సురక్షితంగా ఎగరాలంటే ఏ పరిమితులు అవసరం, ఇవన్నీ రాయాలి. ఈ ఒక్క ప్రయాణానికి విమానం సురక్షితమేనని మెకానిక్ చూసి లాగ్‌బుక్‌లో రాయాలి. పైలట్, అవసరమైన సిబ్బంది తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. ఇన్సూరెన్సు కంపెనీని కూడా ముందే అడగండి.

పైలట్ వైపు నుంచి 24 క్యాలెండర్ నెలల్లోపు ఫ్లైట్ రివ్యూ (ఇన్‌స్ట్రక్టర్‌తో చేసే పునఃపరీక్ష), మీరు నడిపే తీరుకు తగ్గ మెడికల్ అర్హత ఉండాలి. అవి ఉన్నాయని సరిపెట్టుకోకుండా, ఆ రకం విమానం బాగా తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌తో కొన్ని గంటలు ఎగరండి. పాత విమానంలో పెట్రోలు గేజీని నమ్మొద్దు, ట్యాంకులో పుల్ల ముంచి కొలవండి. వాన పడిన మర్నాడు మూతల చుట్టూ నీళ్లు దిగి ఉంటాయి, నీటి చుక్క కనిపించనంత వరకూ డ్రెయిన్ చేస్తూనే ఉండండి.

రెన్యువల్

2023 జనవరి 23 నుంచి రిజిస్ట్రేషన్ గడువు మూడేళ్ల నుంచి 7 ఏళ్లకు పెరిగింది. గడువు ముగిసే ముందు ఆరు నెలల్లో రెన్యువల్ చేసుకోవచ్చు, ఫీజు అదే 5 డాలర్లు. ఆ సమయంలో ప్రభుత్వ నోటీసులా కనిపించే ప్రైవేటు ఉత్తరాలు వస్తాయి, వంద డాలర్లకు పైగా అడుగుతాయి. వాటిని చించి పారేసి నేరుగా ఎఫ్‌ఏఏ సైటుకే వెళ్లండి. ఇల్లు మారితే 30 రోజుల్లోపు కొత్త అడ్రసు రిజిస్ట్రీకి తెలపాలి. ఇది చేయకపోతే అసలైన నోటీసు పాత ఇంటికి వెళ్తుంది. గడువు దాటిపోయి ఎన్ నంబరు రద్దయ్యాక, విమానం ఎంత బాగున్నా మళ్లీ రిజిస్టర్ అయ్యేవరకు ఎగరడానికి వీల్లేదు.