కొత్త రోడ్డు నాలా దాటాలంటే: హైదరాబాద్‌లో అనుమతుల పని ఎక్కడ మొదలుపెట్టాలి

హైదరాబాద్‌లో వంద అడుగుల రోడ్డు ఎటు గీసినా ఎక్కడో ఒకచోట నీళ్లను దాటక తప్పదు. ఇక్కడి చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు మత్తడి దూకిన నీళ్లు కాలువ పట్టుకుని కింది చెరువుకు పోతాయి, అలా పోతూ పోతూ మూసీలో కలుస్తాయి. అయినా చాలా ఫైళ్లలో ముందు రోడ్డు వెళ్లే దారి (అలైన్‌మెంట్) ఖాయమవుతుంది, టెండరు పిలుస్తారు, నాలా సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టు. అప్పటికి రోడ్డును పది మీటర్లు జరపాలన్నా భూసేకరణ మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి మొదటి నక్షాలో రోడ్డు ఉండకూడదు, నీళ్లే ఉండాలి.

ఆ నక్షాకు కావలసిన కాగితాలు ఇవి: గ్రామ నక్షా, టీపన్లు (సర్వే నంబర్ల కొలతల చిత్రాలు), సేత్వార్ (మొదటి సర్వే నాటి భూముల రిజిస్టరు), పాత పహాణీలు (సాగు, హక్కుల రికార్డు), సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ (నగరం 56కే వరుసలో వస్తుంది), నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ నోటిఫై చేసిన ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తి నీటిమట్టం) మ్యాపులు, బాలానగర్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ నుంచి వేర్వేరు ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు. పహాణీలో 'శిఖం' (చెరువు పొట్టలోని భూమి) అని కనబడిన ప్రతి సర్వే నంబరునూ నీలం రంగుతో నింపండి, అక్కడ ఇప్పుడు అపార్ట్‌మెంట్లే ఉన్నా సరే. 'ఇక్కడ చెరువే లేదు కదా' అన్న మాట కోర్టులో నిలవదు. శిఖం కాగితంలో ఉన్నంతకాలం ఎవరైనా ఆ కాగితం పట్టుకుని చెన్నైలోని హరిత ట్రైబ్యునల్ బెంచికి వెళ్లొచ్చు.

తర్వాత నడవాలి. ఎండాకాలంలో ఒకసారి, గట్టి వాన పడ్డ మర్నాడు ఒకసారి. ఎండాకాలంలో నాలా మీద ఎక్కడ స్లాబులు వేశారో, ఏ లేఅవుట్‌లో కాలువ పైపుగా మారిందో తెలుస్తుంది. వాన మర్నాడు గోడల మీద బురద గీత తడి ఆరకుండా ఉంటుంది. దాని మట్టం కొలిచి, ఫొటో తీసి, ఆ వీధిలో పాతికేళ్లుగా ఉంటున్నవాళ్లను నీళ్లు ఎంతెత్తు వచ్చేవో అడిగి రాసుకోండి. డిజైన్ వరద మట్టాన్ని ఈ గీతలతో సరిచూడకపోతే లెక్క కాగితం మీదే మిగులుతుంది.

ఎఫ్‌టీఎల్ గీత దగ్గరే ఎక్కువ తగాదాలు. సూత్రం చూస్తే సులువే. మత్తడి పైమట్టమే చెరువు పూర్తి నీటిమట్టం. అక్కడ లెవల్ తీసి, అదే మట్టాన్ని చెరువు చుట్టూ పట్టుకుంటూ వస్తే గీత వస్తుంది. చిక్కల్లా మత్తడితోనే. ఎగువ ప్లాట్లు మునగకుండా ఎవరో దాన్ని రెండడుగులు పగలగొట్టి ఉంటారు. ఇవాళ్టి పైమట్టం నమ్ముకుంటే చెరువు కాగితం మీద చిన్నదైపోతుంది, తర్వాత పాత రికార్డు బయటికొచ్చి మీ గీత తప్పని తేలుతుంది. అందుకే పగలని మత్తడి ముక్క, తూము అడుగు మట్టం, నీటిపారుదల శాఖ పాత రిజిస్టరులోని అంకె, మూడూ పోల్చాలి.

కొలిచే రోజున నీటిపారుదల శాఖ ఇంజినీరు (ఏఈఈ), రెవెన్యూ సర్వేయరు, చెరువును చూసే హెచ్‌ఎండీఏ లేదా జీహెచ్‌ఎంసీ మనిషి ముగ్గురూ అక్కడే ఉండాలి, పంచనామా మీద అదే రోజు సంతకాలు పెట్టాలి. ఒక్కొక్కరి దగ్గరికి విడివిడిగా నక్షా పట్టుకెళ్తే మూడు గీతలొస్తాయి. భవన నిర్మాణ నిబంధనల జీవో 168 కూడా ఎఫ్‌టీఎల్‌ను నీటిపారుదల, రెవెన్యూ శాఖలు ధ్రువీకరించినదాన్నే లెక్కలోకి తీసుకోమంటుంది.

2012 నాటి ఆ జీవోలోని బఫర్ దూరాలు (కట్టకుండా వదలాల్సినవి): పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగు, నాలాకు గట్టు నుంచి 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. ఇవి భవనాల కోసం రాసిన దూరాలు. అయినా రోడ్డు ఫైలు చూసే అధికారి ముందు వెతికేదీ ఈ గీతలనే, కాబట్టి డ్రాయింగు మీద వేసి ఇవ్వండి.

ఇక ఏ చట్టం తగులుతుందన్నది. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌లోని 7(ఎఫ్) అంశంలో ఉన్నవి జాతీయ, రాష్ట్ర రహదారులు. మామూలు నగరపాలక రోడ్డు పేరు అందులో లేదు. మీ రోడ్డుకు రాష్ట్ర రహదారి హోదా ఉందా, రాబోతోందా అన్నది రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) నుంచి రాతలో తెచ్చుకోండి, నోటిమాట పనికిరాదు. పర్యావరణ అనుమతి (ఈసీ) అక్కర్లేదని తేలినంత మాత్రాన మిగతావి తప్పవు. చెట్లకు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అటవీ శాఖ అనుమతి, బ్యాచింగ్ ప్లాంటుకూ హాట్‌మిక్స్ ప్లాంటుకూ కాలుష్య నియంత్రణ మండలి నుంచి పెట్టడానికి (సీఎఫ్‌ఈ), నడపడానికి (సీఎఫ్‌ఓ) సమ్మతులు, అటవీ భూమి తగిలితే కేంద్రం వారి పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు ఎలాగూ ఉంటాయి. గండిపేట, హిమాయత్‌సాగర్ వైపు 84 గ్రామాల్లో జీవో 111 నిర్మాణ ఆంక్షలను 2022లో జీవో 69 ఎత్తేసినా, జలాశయాల నీటి నాణ్యత చెడకూడదన్న షరతు ఉంది. రోడ్డు పనుల మట్టి తవ్వకానికి పర్యావరణ అనుమతి నుంచి 2020లో ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2024 మార్చిలో కొట్టేసింది. ఆ తర్వాతి ఉత్తర్వులు చూసుకోకుండా పాత కాగితం ఫైల్లో పెట్టొద్దు. మొరం కోసం చెరువు పొట్ట తవ్వడం గురించి ఆలోచన కూడా వద్దు.

చిత్తడి నేలల విషయంలో చాలామంది ఒక సగం నిజం దగ్గర ఆగిపోతారు. 2017 నిబంధనల నిర్వచనంలోంచి తాగునీటి కోసం, సాగు కోసం మనుషులు తవ్వుకున్న జలాశయాలను మినహాయించారు. 'మాది సాగు చెరువు, మాకు వర్తించదు' అంటారు. కానీ ఇస్రో అట్లాసులోకి ఎక్కిన, 2.25 హెక్టార్లకు మించిన 2,01,503 చిత్తడి నేలలను 2010 నిబంధనల్లోని 4వ నియమం ప్రకారం కాపాడాలని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. గడచిన పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్లలోపు శాశ్వత కట్టడం వద్దన్నది ఆ నియమమే. మీ చెరువు ఆ జాబితాలో ఉందో లేదో అక్షాంశ రేఖాంశాలతో వెతికి, ఫలితం ఏదైనా రాష్ట్ర చిత్తడి నేలల ప్రాధికార సంస్థకు రాసి జవాబు తీసుకోండి.

ఇప్పుడు కల్వర్టు. అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) ఫైలు ఎక్కువసార్లు వెనక్కొచ్చేది ఇక్కడే. నాలా మీదికి 200 హెక్టార్ల నీళ్లొస్తాయనుకుందాం. సిమెంటు ఎక్కువైన కాలనీలు కాబట్టి పారుదల గుణకం 0.7, వాన తీవ్రత గంటకు 60 మిల్లీమీటర్లు అనుకుంటే, మూడింటినీ గుణించి 360తో భాగిస్తే సెకనుకు 23.3 ఘనపు మీటర్లు. నీటి వేగం సెకనుకు 2 మీటర్లయితే 11.7 చదరపు మీటర్ల దారి కావాలి. మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర ఎత్తున్న వెంట్లు (నీళ్లు పోయే గళ్లు) రెండు పెడితే 15 చదరపు మీటర్లు, సరిపోయినట్టే అనిపిస్తుంది. సరిపోదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రకారం 3 నుంచి 30 క్యూమెక్కుల (సెకనుకు ఘనపు మీటర్లు) ప్రవాహానికి నీటిపైన 600 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. నీటి లోతు 1.9 మీటర్లే, వైశాల్యం 11.4. ఇందులో అడుగు మందాన పూడిక చేరితే 9.6 చదరపు మీటర్లు, అంటే 19 క్యూమెక్కులు. మిగతా నీళ్లు రోడ్డెక్కుతాయి. మూడో వెంట్ పెడితే పూడిక పోను దాదాపు 29 క్యూమెక్కులు పోతాయి. ఆ ఖర్చుకు ఫైనాన్స్‌వాళ్లు గొణిగితే ఈ లెక్కే చూపించండి.

తీవ్రత అంకెను రోజు మొత్తం వాన నుంచి తీయొద్దు. చిన్న నగర క్యాచ్‌మెంట్‌లో (నాలాకు నీళ్లు దిగివచ్చే ప్రాంతంలో) నీళ్లు అరగంటలోనే చేరిపోతాయి, వాతావరణ శాఖ దగ్గర్నుంచి ఆ కొద్ది నిడివికి సరిపోయే వాన లెక్క కావాలి. క్యాచ్‌మెంట్ హద్దును కూడా టోపోషీట్ చూసి వదిలేయకండి, పక్క క్యాచ్‌మెంట్ నీళ్లను వరదనీటి పైపు ఇటు తిప్పి ఉండొచ్చు. పెద్ద వాగైతే కృష్ణా, పెన్నా ఉప మండలం 3(హెచ్)కు కేంద్ర జల సంఘం ఇచ్చిన వరద అంచనా పద్ధతితో మరోసారి సరిచూడాలి. పాత ఇంజినీర్లు నిజాం కాలపు ఇంజినీరు అలీ నవాజ్ జంగ్ వరద సూత్రంతో ఒకసారి వేసి చూసుకునేవారు, ఇప్పటికీ మంచి అలవాటే. వెంట్లో తాగునీటి పైపు, కేబుళ్లు అడ్డంగా పోనివ్వకండి. చెత్త ముందు దానికే పట్టుకుంటుంది. కల్వర్టు పెద్దదై దిగువ నాలా ఇరుకుగానే ఉంటే ముంపు కిందికి మారుతుందంతే, దిగువ 500 మీటర్ల క్రాస్ సెక్షన్లు కూడా ఫైల్లో ఉండాలి.

చెరువు ఎఫ్‌టీఎల్ లోపలి నుంచి వెళ్లక తప్పకపోతే మట్టికట్ట వద్దు, స్తంభాల మీద వెళ్లండి. పైన 30 మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు, ఒకటికి రెండు వాలు ఉన్న కట్టను 200 మీటర్ల పొడవున పోస్తే 9,900 ఘనపు మీటర్ల మట్టి. ఎఫ్‌టీఎల్ కింద అంత మట్టి పడితే చెరువు 99 లక్షల లీటర్ల నీళ్లు పోగొట్టుకున్నట్టే. పైగా కట్ట చెరువును రెండు ముక్కలు చేసి, ఎగువ ముక్కను మురుగు గుంటగా మారుస్తుంది. 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెన మధ్య స్పాన్ దాదాపు 234 మీటర్లు, నీళ్లలో స్తంభం లేకుండా దాటింది. ప్రతి చెరువుకూ తీగలు అక్కర్లేదు గానీ, స్పాన్ పెంచితే అనుమతి తేలికవుతుందన్నది నిజం. పాత చెరువు కట్ట మీదే రోడ్డు వెడల్పు చేయాలన్న ఆలోచన వస్తే 2020 అక్టోబరు 13 గుర్తు చేసుకోండి. ఆ రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి బెంగళూరు హైవే మీద ప్రాణాలు పోయాయి.

పని నవంబరు చివర మొదలై మే నెలాఖరుకి నాలాలోంచి బయటికి రావాలి. ఎండాకాలంలోనూ ఈ నాలాల్లో మురుగు పారుతూనే ఉంటుంది. అడ్డుకట్ట వేసేముందు పక్కదారి పైపు వేసి, పంపు చెడిపోతే ఇంకోటి సిద్ధంగా పెట్టుకోవాలి. తోడిన మురుగును దగ్గరి చెరువులోకి వదిలితే అనుమతి షరతు ఉల్లంఘించినట్టే. తాత్కాలిక మట్టి దారి తీసేయడం కాంట్రాక్టర్లు మరిచిపోయే పని, కాబట్టి దాన్ని తీశాకే ఆఖరి బిల్లు అని టెండర్లో రాయండి. మే 31న ప్రతి వెంట్లోకీ టార్చితో మనిషిని పంపి చూపించాలి. సెంట్రింగ్ చెక్కలు, మట్టి బస్తాలు, విరిగిన పలకలు దొరికేది అప్పుడే.